గ్రీకు ఆలయాల వంపులు: కంటి భ్రమకు విరుగుడేనా?

ఏథెన్స్‌లోని ఆక్రోపోలిస్ కొండ మీద నిలిచిన పార్థినాన్ ఆలయంలో నూలు పట్టినట్టు తిన్నగా సాగే పెద్ద గీత దాదాపు ఒక్కటి కూడా లేదు. స్తంభాలు నిలిచిన రాతి అరుగు పొడవు సుమారు 69.5 మీటర్లు, వెడల్పు సుమారు 30.9 మీటర్లు. ఆ అరుగు నాలుగు మూలల్లో పల్లంగా ఉండి, ప్రతి పక్కనా నడిమికి వచ్చేసరికి ఎత్తవుతుంది. తూర్పు, పడమర ముఖాల మీద ఈ తేడా సుమారు 6 సెంటీమీటర్లు. పొడవాటి ఉత్తర, దక్షిణ పక్కల మీద సుమారు 11 సెంటీమీటర్లు. స్తంభాల మీద పరచిన రాతి దూలాలు కూడా ఇదే వంపుతో సాగుతాయి. స్తంభాలూ నిట్టనిలువుగా లేవు. 10.4 మీటర్ల ఎత్తులో అవి ఆరేడు సెంటీమీటర్ల మేర లోపలికి వాలి ఉన్నాయి. మూల స్తంభాలైతే రెండు పక్కలకూ కలిపి ఐమూలగా వాలతాయి. ఎదురెదురు పక్కల స్తంభాల నడిమి గీతలను ఆకాశంలోకి పొడిగిస్తూ పోతే అవి రెండు కిలోమీటర్ల పైన ఎక్కడో కలుసుకుంటాయి. స్తంభం అంచు సైతం కింది నుంచి పైదాకా ఒకే వాలుగా సన్నబడదు. మధ్యలో రెండు సెంటీమీటర్లకు లోపుగా ఉబ్బి, ఆపైన సన్నబడుతుంది. ఈ ఉబ్బును ఎంటాసిస్ అంటారు. ఇవి చాలవన్నట్టు, మూల స్తంభాలు మిగతావాటి కంటే సుమారు నలభయ్యో వంతు లావు.

ఈ సవరణలన్నీ కంటి భ్రమకు విరుగుడుగా చేసినవన్నది చాలాకాలంగా చెలామణిలో ఉన్న వివరణ. పొడవాటి మట్టపు గీత నడుమ కుంగినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ముందే కొద్దిగా పైకి లేపారు. తిన్నని స్తంభం నడుము నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి ఉబ్బు ఇచ్చారు. వెలుతురులో మూల స్తంభం సన్నగా కనిపిస్తుంది కాబట్టి లావు చేశారు. వివరణ అందంగానే ఉంది, తేలిగ్గానూ అర్థమవుతుంది. చిక్కల్లా రాళ్లను కొలిచి చూసినప్పుడు వస్తుంది. వంపులు కావాలని చేసినవే, అందులో ఇప్పుడు అనుమానం లేదు. కానీ ఆ వంపులకు చెప్పే కారణం ఆలయం కట్టిన నాలుగు వందల ఏళ్ల తరువాతి గ్రంథం నుంచి వచ్చింది. కట్టినవారి మనసులో ఉన్నది అదేనని ఆ గ్రంథం ఒక్కటే రుజువు చేయలేదు.

పార్థినాన్ పని క్రీ.పూ. 447లో మొదలై, శిల్పాలతో సహా క్రీ.పూ. 432 నాటికి ముగిసింది. ఏథెన్స్ ప్రజానాయకుడు పెరిక్లీస్ హయాంలో ఇక్టినోస్, కల్లిక్రటీస్ దీన్ని కట్టారు; శిల్పాల బాధ్యత ఫిడియాస్‌ది. పాలరాయిని నగరానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండ నుంచి తెచ్చారు. సున్నం వాడలేదు. రాతికి రాయి ఆనించి, ఇనుప బందులు వేసి, వాటి చుట్టూ సీసం పోశారు. ఇలాంటి కట్టడంలో అరుగును కాస్త వంచాలనుకోవడం ఎంత పని పెట్టిందో ఒక్క స్తంభాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

బయటి వరుసలో 46 స్తంభాలు ఉన్నాయి. ఒక్కో స్తంభాన్ని పది, పన్నెండు గుండ్రటి రాతి బిళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టారు. అరుగు వాలి ఉంది, స్తంభమూ వాలాలి, పైగా ఈ రెండు వాలులూ ఒకే దిక్కుకు ఉండవు. అందుకని అన్నిటికంటే కింది బిళ్లను ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా చెక్కారు. రెండు వాలుల లెక్కా ఆ ఒక్క బిళ్లలో సర్దుకుంటుంది. దాని పైముఖం నుంచి మిగతా బిళ్లలు స్తంభపు వాలుకు అడ్డంగా, సమంగా సాగుతాయి. స్తంభం తన వరుసలో ఎన్నోదో దాన్ని బట్టి కింది బిళ్ల కొలత మారుతుంది. బిళ్లల నడిమధ్య చతురస్రపు గుంట తొలిచి చెక్క దిమ్మె పెట్టి, దానిలో గుండ్రటి చెక్క మేకు దింపి, పై బిళ్లను సరిగ్గా కూర్చోబెట్టేవారు. అంచుల దగ్గర రెండు ముఖాలు వెంట్రుక కూడా దూరనంతగా అతికాయి. స్తంభం నిలువునా ఉండే గాళ్లను మాత్రం ముందే చెక్కలేదు; అడుగునా పైనా కొద్దిమేర గుర్తుగా చెక్కి ఉంచి, స్తంభమంతా నిలబడ్డాక మిగతాది పూర్తి చేశారు. ఉబ్బు తేలింది ఆ చివరి చెక్కుడులోనే. దూలాల్లోనూ ఇదే తంతు: పైన వంపు, కింద వాలిన స్తంభాలు ఉన్నప్పుడు ఏ రాయీ అచ్చమైన లంబకోణంతో ఉండడానికి వీల్లేదు. కొన్ని మిల్లీమీటర్ల తేడాలను వందలాది రాళ్ల మీదుగా కిందినుంచి పైదాకా తప్పకుండా మోసుకుపోయిన పని ఇది. రాతిపనివారి చేతి ఒడుపుకు ఇంతకు మించిన సాక్ష్యం ప్రాచీన ప్రపంచంలో అరుదు.

ఇంత పని కంటికి పట్టకుండా శతాబ్దాలపాటు ఉండిపోయింది. జేమ్స్ స్టూఅర్ట్, నికోలస్ రెవెట్ అనే ఇంగ్లిష్ వాస్తుశిల్పులు 1751 నుంచి రెండేళ్లకు పైగా ఏథెన్స్‌లో ఉండి శిథిలాలను శ్రద్ధగా కొలిచారు. 1762 నుంచి వెలువడిన వారి సంపుటాలు యూరప్‌లో గ్రీకు వాస్తు మీద మోజు పెంచాయి. అయినా వారి చిత్రాల్లో పార్థినాన్ గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. స్తంభాల ఉబ్బును సి.ఆర్. కాకరెల్ వంటివారు 1810ల్లో గమనించారు. అరుగు వంపు బయటపడటానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1830ల్లో ఇంగ్లిష్ వాస్తుశిల్పి జాన్ పెన్నెథోర్న్ దాన్ని గుర్తించాడు. అదే కాలంలో ఏథెన్స్‌లో పనిచేస్తున్న జోసెఫ్ హోఫర్ విడిగా కొలిచి 1838లో వియన్నా పత్రికలో ప్రకటించాడు. చివరికి ఫ్రాన్సిస్ క్రాన్‌మర్ పెన్రోజ్ 1846–47లో ఆలయమంతటినీ కొలిచి 1851లో పెద్ద గ్రంథం వెలువరించాడు. తరువాతి చర్చలన్నీ ఆ కొలతల మీద ఆధారపడే నడిచాయి.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. 1862లో ఆక్రోపోలిస్ మీద పరిశీలనలు జరిపిన బెర్లిన్ పండితుడు కార్ల్ బోట్టిచర్, ఈ వంపు కావాలని చేసింది కాదన్నాడు. కాలక్రమంలో పునాది మూలల్లో కుంగడం వల్ల అలా ఏర్పడిందన్నది ఆయన వాదన. వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జిల్లర్ 1865లో దానికి జవాబిచ్చాడు. పునాది కుంగితే రాళ్ల అతుకులు విచ్చుకోవాలి. పార్థినాన్‌లో అవి విచ్చుకోలేదు. ఆలయం ఉత్తరపు వైపు చాలావరకు కొండరాతి మీదే ఉంది, ఆగ్నేయ మూలలో మాత్రం పునాది పది మీటర్లకు పైగా లోతు. కుంగుబాటే కారణమైతే ఈ రెండు పక్కలూ ఒకే తీరుగా వంగవు. ఇక ఒక పక్క పొడుగ్గా చెక్కిన కింది బిళ్లలు వివాదాన్ని పూర్తిగా తేల్చేస్తాయి: వంపు తరువాత వచ్చిందైతే, ఆ వంపుకు తగ్గట్టు రాయిని ముందే చెక్కడం సాధ్యం కాదు. పర్షియన్లు క్రీ.పూ. 480లో ధ్వంసం చేసిన పాత పార్థినాన్ అరుగులోనూ ఈ వంపు ఉంది. అంటే ఇక్టినోస్ కంటే ఒక తరం ముందే ఏథెన్స్ పనివారికి ఇది తెలిసిన విద్యే.

వంపు ఉందని తేలాక ఎందుకన్న ప్రశ్న మిగిలింది. జవాబు కోసం అందరూ వెళ్లింది రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ దగ్గరికి. క్రీ.పూ. మొదటి శతాబ్దం చివరి భాగంలో ఆయన రాసిన పది భాగాల వాస్తు గ్రంథం ఒక్కటే ప్రాచీన కాలం నుంచి పూర్తిగా నిలిచింది. అందులో మూడవ భాగంలో ఈ సవరణలన్నీ ఉన్నాయి. అరుగును మట్టంగా పరిస్తే అది కంటికి గుంటపడినట్టు కనిపిస్తుందనీ, కాబట్టి అసమానమైన చిన్న దిమ్మెల సాయంతో నడుమ ఎత్తు చేయాలనీ ఆయన చెబుతాడు. మూల స్తంభాలను యాభయ్యో వంతు లావు చేయాలంటాడు. వాటి చుట్టూ ఖాళీ గాలి ఉండటంతో చూసేవారికి సన్నగా తోస్తాయన్నది కారణం. స్తంభం ఎత్తు పెరిగేకొద్దీ పైభాగం సన్నబడటం తగ్గాలనీ, స్తంభాలకు పైనుండే రాతి భాగాలను ఎత్తులో పన్నెండో వంతు ముందుకు వంచాలనీ కూడా చెబుతాడు. ఆరవ భాగంలో నీటిలో వంగినట్టు కనిపించే తెడ్డును ఉదాహరణగా ఇచ్చి, కన్ను మోసపోతుంది కాబట్టి వాస్తుశిల్పి తన తెలివితో లెక్కలు సవరించాలని స్పష్టంగా రాస్తాడు. ఆ చిన్న దిమ్మెలను ఎలా వాడాలో చూపే బొమ్మ గ్రంథం చివర ఉంటుందన్నాడు. ఆ బొమ్మ మనకు దక్కలేదు. దాంతో ఆ ఒక్క వాక్యం మీద రెండు శతాబ్దాలుగా పండితులు తర్జనభర్జన పడుతున్నారు.

విట్రూవియస్ మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. ఆయన ముందు గ్రీకు వాస్తుశిల్పుల గ్రంథాలు చాలా ఉన్నాయి. పార్థినాన్ గురించి ఇక్టినోస్, కార్పియోన్ రాసిన పుస్తకం ఉండేదని ఏడవ భాగం ముందుమాటలో ఆయనే చెబుతాడు. ఆ పుస్తకం నశించింది. అదే దొరికి ఉంటే ఈ చర్చ సగానికి సగం తగ్గేది. కానీ విట్రూవియస్ ఈ నియమాలు చెప్పిన మూడవ భాగం ప్రధానంగా అయోనిక్ పద్ధతి ఆలయాల గురించినది. పార్థినాన్ బయటి వరుస డోరిక్ పద్ధతిది. ఆయన చెప్పిన యాభయ్యో వంతుకూ పార్థినాన్‌లోని నలభయ్యో వంతుకూ పొంతన లేదు. ఆయన పాఠం తరువాతి కాలపు గ్రీకు గురువుల నుంచి వచ్చినదని, వారు పాత అలవాటుకు తమ కాలపు దృష్టిశాస్త్రంతో కారణం చెప్పారని అనుకోవడమే సబబు.

ఆ దృష్టిశాస్త్రం గ్రీకులకు కొత్తేమీ కాదు. యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలో చూపు గురించి ప్రత్యేక గ్రంథమే రాశాడు. అంతకంటే ముందు ప్లేటో తన సోఫిస్ట్ సంవాదంలో, పెద్ద విగ్రహాలు చెక్కేవారు పైభాగం చిన్నదిగా కనిపించకుండా నిజమైన కొలతలను వదిలేస్తారని ఫిర్యాదు చేస్తాడు. క్రీ.పూ. మూడవ శతాబ్దపు యంత్రశిల్పి, బైజాంటియంకు చెందిన ఫిలో మరింత నేరుగా ఆలయాల ప్రస్తావన తెస్తాడు. సమానంగా, తిన్నగా ఉన్నవి కంటికి అలా కనిపించవనీ, పనివారు ఇక్కడ కాస్త కలుపుతూ అక్కడ కాస్త తగ్గిస్తూ, ప్రయత్నం మీద ప్రయత్నం చేసి చూపుకు పొందికగా తోచే కొలతలకు చేరుకున్నారనీ ఆయన అభిప్రాయం. ఫిలో మాటలో గమనించదగ్గది ఒకటుంది: ఆయన సూత్రం చెప్పడు, చేసిచూసి నేర్చుకున్న పద్ధతి గురించి చెబుతాడు. పార్థినాన్ రాళ్లు చెప్పే కథకు విట్రూవియస్ నియమాల కంటే ఇదే దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఒక్కో సవరణనూ విడిగా తూచి చూడవచ్చు. అరుగు విషయమే ముందు. కంటి మట్టానికి కింద ఉన్న పొడవాటి గీతకు ఎదురుగా నిలబడితే, మనకు దగ్గరగా ఉన్న నడిమి భాగం కిందికీ, దూరంగా ఉన్న కొసలు పైకీ తోస్తాయి. కనుక గీత కుంగినట్టు కనిపించవచ్చు. విట్రూవియస్ మాట ఇంతవరకు సరిపోతుంది. కానీ కంటి మట్టానికి పైన ఉన్న గీత విషయంలో ఇది తారుమారవుతుంది: నడుమ పైకి లేచి, కొసలు కిందికి వంగినట్టు తోస్తుంది. పార్థినాన్ మూడు మెట్లూ కలిపి ఎత్తు ఒకటిన్నర మీటరు దాటుతుంది. దగ్గరగా నిలబడ్డ మనిషికి అరుగు అంచు కంటి మట్టానికి అటూ ఇటూగానే ఉంటుంది. పడమటి ద్వారం నుంచి కొండ ఎక్కి వచ్చేవారికైతే అది తలకంటే పైన ఉంటుంది. పైకప్పు కింది దూలం ఎవరికైనా చాలా ఎత్తులోనే ఉంది. భ్రమను సరిదిద్దడమే లక్ష్యమైతే ఆ దూలాన్ని కిందికి వంచాలి. పార్థినాన్‌లో అది అరుగులాగే పైకి వంగింది. అంటే అక్కడ వంపు భ్రమను తగ్గించకుండా ఇంకా పెంచుతుంది.

పెన్రోజ్ దీనికి వేరే దారి వెతికాడు. ముఖభాగం మీద ముక్కోణపు కప్పు ఉంటుంది. దాని రెండు ఏటవాలు గీతల ప్రభావంతో కింది మట్టపు గీత కుంగినట్టు కనిపిస్తుందనీ, అందుకే వంపు ఇచ్చారనీ అన్నాడు. ఏటవాలు గీతల పక్కన తిన్నని గీతలు వంగినట్టు కనిపిస్తాయన్నది నిజమే. జర్మన్ శాస్త్రవేత్తలు జోల్‌నర్ 1860లో, హేరింగ్ 1861లో ప్రకటించిన భ్రమ చిత్రాలు దాన్నే చూపాయి. ఆ రోజుల్లో ఈ రకం వివరణలకు బలం చేకూరింది కూడా వాటివల్లే. కానీ పార్థినాన్ ఉత్తర, దక్షిణ పక్కల మీద ముక్కోణం లేదు. వంపు కొలత అక్కడే ఎక్కువ. పొడవుతో పోల్చి చూసినా రెండు వైపులా నిష్పత్తి దాదాపు ఒకటే: ముఖాల మీద 500 వంతుల్లో ఒకటి, పక్కల మీద 600 వంతుల్లో ఒకటి. కట్టినవారు నాలుగు పక్కలకూ ఒకే వంపు కావాలనుకున్నారని ఈ లెక్కే చెబుతుంది.

ఇంకో సంగతీ ఉంది. సవరణ కంటికి తెలియకుండా ఉంటేనే అది సవరణ. 60 మీటర్ల దూరం నుంచి చూసినా 6 సెంటీమీటర్ల ఎత్తు కంటి దగ్గర డిగ్రీలో అరవయ్యో వంతుకు మూడు రెట్ల పైచిలుకు కోణం చేస్తుంది. మామూలు చూపు అరవయ్యో వంతు డిగ్రీని కూడా విడదీసి చూడగలదు. ఇక మెట్టు మూల దగ్గర వంగి అంచు వెంబడి చూస్తే వంపు స్పష్టంగా కనబడుతుంది. అవతలి కొసన మెట్టు మీద టోపీ పెడితే ఇవతలి కొస నుంచి అది కనిపించదు. దాచిపెట్టే ఉద్దేశం ఉన్నవారి పనిలా ఇది లేదు.

స్తంభాల ఉబ్బు విషయంలో భ్రమ వాదం మరీ బలహీనం. దక్షిణ ఇటలీలోని పేస్టమ్‌లో గ్రీకు వలసవారు క్రీ.పూ. 550 ప్రాంతంలో కట్టిన హేరా ఆలయంలో స్తంభాల ఉబ్బు ఎవరికైనా దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బరువు మోస్తున్న ఒంటిలా ఆ స్తంభం పొంగి ఉంటుంది. దాన్ని చూసి స్తంభం తిన్నగా ఉందని ఎవరూ అనుకోరు. అంటే ఉబ్బు మొదట కనిపించాలనే పెట్టారు. తరువాతి నూరేళ్లలో అది క్రమంగా సన్నగిల్లి పార్థినాన్ నాటికి గీత మారిందో లేదో తెలియనంత నాజూకైంది. కనిపించకూడని సవరణగా పుట్టి ఉంటే ఈ క్రమం తలకిందులుగా ఉండేది. ప్రయోగశాలలోనూ ఈ భ్రమకు ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ థాంప్సన్ సహచరులతో కలిసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పైకి సన్నబడే తిన్నని స్తంభం మధ్యలో నొక్కుకుపోయినట్టు కనిపిస్తుందనడానికి నమ్మదగ్గ సాక్ష్యం లేదని తేల్చారు. ఉబ్బుకు నిర్మాణ బలం కారణం కావచ్చని వారు సూచించారు. ఎత్తుతో పోలిస్తే లావైన డోరిక్ స్తంభాలకు ఆ బలం అవసరమా అన్నది మాత్రం అనుమానమే. పార్థినాన్ స్తంభం ఎత్తు దాని అడుగు వెడల్పుకు ఐదున్నర రెట్లే.

మూల స్తంభాల లావుకు చెప్పే కారణం పరిస్థితిని బట్టి మారిపోతుంది. ముదురు నేపథ్యంలో తెల్లని వస్తువు ఉన్నదానికంటే పెద్దదిగా, వెలుగు నేపథ్యంలో నల్లని వస్తువు చిన్నదిగా కనిపించడం నిజం. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని వివరంగా చర్చించాడు. ఎండ పడ్డ పాలరాతి స్తంభం ఏథెన్స్ నీలాకాశం ముందు మెరుస్తూ ఉంటే అది సన్నబడినట్టు కాక, లావెక్కినట్టు కనిపించాలి. అదే స్తంభం నీడలో ఉండి వెనక తెల్లని ఆకాశం ఉంటే విట్రూవియస్ చెప్పినట్టు సన్నగా కనిపిస్తుంది. సూర్యుడు తిరిగేకొద్దీ మారే భ్రమకు ఒకే కొలతతో విరుగుడు వేయడం కుదరదు.

మూలల దగ్గర మరో తేడా ఉంది, దానికి మాత్రం కారణం స్పష్టంగా తెలుసు. డోరిక్ ఆలయపు దూలం పైన మూడు గాళ్ల పలకలు వరుసగా ఉంటాయి. సంప్రదాయం ప్రకారం ఒక పలక స్తంభం నడిమి గీత మీద రావాలి, చివరి పలక మాత్రం సరిగ్గా మూలలో ఉండాలి. ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేరవు. అందుకని చివరి రెండు స్తంభాల నడిమి ఎడాన్ని తగ్గిస్తారు. పార్థినాన్‌లో మామూలు ఎడం సుమారు 4.3 మీటర్లు, మూలలో సుమారు 3.7 మీటర్లు. ఇది లెక్కకు కావలసిన దానికంటే ఎక్కువ తగ్గింపు. ఒక నియమం వల్ల వచ్చిన ఇబ్బందిని ఏథెన్స్ పనివారు అక్కడితో ఆపలేదు. మూలలు దట్టంగా, బిగుతుగా కనిపించే అందంగా మలిచారు. మూల స్తంభాల లావునూ ఐమూల వాలునూ దీనితో కలిపి చూస్తే, ఆలయం మూలలకు బరువు, నిలకడ ఇవ్వాలన్న ఒకే కోరిక వాటన్నిటి వెనుకా కనిపిస్తుంది.

కాలక్రమం కూడా ఒకే సిద్ధాంతానికి లొంగదు. కొరింత్‌లో క్రీ.పూ. 540 ప్రాంతపు అపోలో ఆలయంలో అరుగుకు వంపు ఉంది, స్తంభాలకు ఉబ్బు లేదు. దాదాపు అదే కాలపు పేస్టమ్‌లో ఉబ్బు విపరీతం. ఐజినా ద్వీపంలో క్రీ.పూ. 500 తరువాత కట్టిన అఫాయియా ఆలయంలో స్తంభాలు లోపలికి వాలాయి, మూల స్తంభాలు కాస్త లావు. ఒక్కో ఊరు ఒక్కో సవరణను పట్టుకుంది. అవన్నీ ఒకే కట్టడంలో కలిసింది ఏథెన్స్‌లో. అన్నిటికంటే చెప్పుకోదగ్గది పెలొపొనీస్ కొండల్లోని బాసె అపోలో ఆలయం. దాన్ని కట్టింది కూడా ఇక్టినోస్ అని క్రీ.శ. రెండవ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఆ ఆలయపు అరుగుకు పార్థినాన్ లాంటి వంపు లేదు. పౌసానియస్ మాట నిజమైతే, వంపు లేని అరుగు కుంగినట్టు కనిపిస్తుందని ఇక్టినోస్ బెంగపడలేదన్నమాట. ఖర్చు, కొరుకుడు పడని స్థానిక రాయి, పనివారి అలవాటు కారణమై ఉండవచ్చు. ఏదైనా, కంటి భ్రమ విధిగా సరిదిద్దవలసిన దోషమని అప్పటివారు భావించలేదని ఇది చెబుతుంది.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆక్రోపోలిస్ ప్రవేశద్వారమైన ప్రొపిలాయియాను మ్నెసిక్లీస్ క్రీ.పూ. 437–432 మధ్య కట్టాడు. నడుమ దారి ఉండటంతో అక్కడ అరుగును వంచడం కుదరలేదు, మట్టంగానే ఉంది. అయినా పైదూలానికి వంపు ఇచ్చారు. అరుగు వంపు పైకి పాకడం వల్ల వచ్చింది కాదది. కేవలం పైగీత కోసం, చూపు కోసం చేసింది. వాన నీరు పారడానికే అరుగును వంచారన్న వాదం ఇక్కడే కూలిపోతుంది. నీటికైతే అరుగును బయటికి కాస్త వాలుగా పరిస్తే సరిపోయేది. కప్పు కింది దూలానికి నీటి వాలు అక్కర్లేదు. కనుక చూపు లెక్కలోనే ఉంది. ఆ చూపుకు ఏం కనిపించాలన్నదే అసలు తగువు.

అమెరికా కళాచరిత్రకారుడు విలియం హెన్రీ గుడ్‌ఇయర్ 1912లో రాసిన గ్రంథంలో ఈ వంపులు దోషాలను దాచడానికి కావనీ, గీతకు జీవం పోయడానికనీ వాదించాడు. జర్మనీలో గిడో హౌక్ 1879లోనే మరో మాట అన్నాడు: మనిషి కన్ను పెద్ద కట్టడాల గీతలను సహజంగానే కొద్దిగా వంగినట్టు చూస్తుంది, గ్రీకులు ఆ సహజ దృశ్యాన్నే రాతిలో నిలిపారు. ఈ దారిలో ఆలోచిస్తే పైకి వంగిన దూలం ఇబ్బంది పెట్టదు. ఆలయం ఉన్నదానికంటే పెద్దదిగా, ఆకాశం వైపు పొంగినట్టు కనిపించడానికి అది తోడ్పడుతుంది. వాలిన స్తంభాలు, లావైన మూలలు ఆ పొంగుకు పట్టు ఇస్తాయి. రాళ్ల కొలతలతో ఎక్కువగా సరిపోయేది ఈ వివరణే. అయితే దీనికీ ప్రాచీన సాక్షి లేడు.

వంపులను ఎలా గీశారన్నది మాత్రం ఇప్పుడు కొంత తెలుసు. నేటి టర్కీలో, మిలేటస్ దగ్గర డిడిమాలో అపోలోకు కట్టిన బ్రహ్మాండమైన ఆలయం ఎన్నడూ పూర్తి కాలేదు. లోపలి గోడలకు చివరి నునుపు పెట్టలేదు. 1979లో జర్మన్ పరిశోధకుడు లోథర్ హాసెల్‌బెర్గర్ ఆ గోడల మీద సన్నగా గీసిన గీతలను గుర్తించాడు. అవి పనివారి నమూనా చిత్రాలు. వాటిలో ఒకటి స్తంభం ఉబ్బును చూపుతుంది. అడ్డంగా కొలత అసలుదే, నిలువు కొలతను మాత్రం పదహారో వంతుకు కుదించారు. అలా కుదించిన చిత్రంలో స్తంభం అంచును ఒక పెద్ద వృత్తఖండంగా గీశారు. ఆ వంపు నుంచి ప్రతి ఎత్తు దగ్గరా వెడల్పు ఎంతో కొలుచుకుని అసలు స్తంభానికి ఎక్కించేవారు. పదహారు రెట్లు పొడవు చేస్తే వృత్తఖండం సాగి అతి సున్నితమైన దీర్ఘవృత్తపు వంపవుతుంది. ఇంత చిన్న వంపును ఇంత కచ్చితంగా ఎలా చెక్కారన్న ప్రశ్నకు కంపాసు, కొలబద్ద, చదునైన గోడ జవాబుగా నిలిచాయి. ఈ చిత్రాలు పార్థినాన్ కంటే తరువాతి కాలానివి. నునుపు పెట్టే చివరి దశలో ఇలాంటి గీతలన్నీ చెరిగిపోతాయి కాబట్టే పూర్తయిన ఆలయాల్లో ఇవి మిగలలేదు.

పార్థినాన్ 1687 సెప్టెంబరు 26న పెద్ద దెబ్బ తింది. వెనిస్ సైన్యం వేసిన గుండు లోపల నిల్వ చేసిన మందుగుండును పేల్చింది. పొడవాటి రెండు పక్కలూ నడిమి భాగంలో కూలాయి. నికోలాస్ బలానోస్ 1898 నుంచి 1933 దాకా కూలిన స్తంభాలను మళ్లీ నిలబెట్టాడు. ఒక రాయి స్థానంలో మరో రాయి సరిపోతుందన్న ధోరణిలో ఉత్తరపు వరుసలో చాలా రాళ్లు తమవి కాని చోట్ల చేరాయి. ఆయన వాడిన ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని పగలగొట్టింది. 1975లో మొదలైన కొత్త జీర్ణోద్ధరణలో ఆ పని విప్పి మళ్లీ చేయవలసి వచ్చింది. వాస్తుశిల్పి మనోలిస్ కొర్రెస్, ఆయన సహచరులు రాళ్ల కొలతలను, అతుకులను, మూలల కోణాలను సరిపోల్చి చాలా రాళ్ల అసలు స్థానాలను కనిపెట్టారు. అరుగు మట్టంగా, స్తంభాలు నిలువుగా ఉండి ఉంటే రాళ్లన్నీ ఒక్క తీరుగా ఉండేవి, ఏది ఎక్కడిదో పోల్చడం చాలా కష్టమయ్యేది. వంపు కారణంగా ప్రతి రాతికీ దానిదైన కోణం ఉంది. అందుకే కూలిన మూడు శతాబ్దాల తరువాత కూడా వాటిని తిరిగి తమ తమ చోట్లకు చేర్చగలిగారు.